ఒకే తొట్టిలో ముగ్గురు అక్కలు

వైడూర్యపురం రాజు చంద్రకేతుకు నలుగురు కూతుళ్ళు. పెద్దవాళ్ళు శరావతి, రోహిణి, కుముద ఒకరి పొడ ఒకరికి గిట్టేది కాదు. సింహాసనం నాదంటే నాదని పొద్దస్తమానం పోట్లాటే. చిన్నది వకుళ సర్దిచెప్పబోయి ముగ్గురి చేతా చీవాట్లు తినేది.

ఒకనాడు కరాళుడనే మాంత్రికుడు వచ్చి శరావతిని పెళ్ళాడతానన్నాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం ముగ్గురూ ఏకమై ఛీ పొమ్మన్నారు. వాడు కళ్ళెర్రజేసి మంత్రజలం చల్లాడు. ముగ్గురూ చేపలైపోయారు! ఇప్పుడు కొందరి ఇళ్ళల్లో గాజు తొట్టెల్లో ఒకదానితో ఒకటి పోట్లాడే బెట్టా చేపలు పెంచుతారే, అచ్చం అవే. ఆడచేపలు కనుక తోకలు కురచ, కోపం మాత్రం కురచ కాదు.

"పున్నమినాడు పొద్దుగుంకే వేళకు ముగ్గురూ ఒకే నీటిలో ప్రాణాలతో ఉంటే శాపం పోతుంది. లేకపోతే కలకాలం చేపలే!" అని వికటంగా నవ్వి, శరావతిని కుండలో వేసుకుని మాయమయ్యాడు కరాళుడు.

మిగిలిన ఇద్దరినీ గాజు తొట్టిలో ఉంచి, దానికి తల్లిని కాపలా పెట్టి, వకుళ అడవిదారి పట్టింది. మనుషులను చుట్టేసే తీగల నడుమ ఊపిరి బిగబట్టి పాకింది. ఒళ్ళంతా గీరుకుపోయినా ఆగకుండా కరాళుడి గుహ చేరింది. వాకిట్లో పింగాక్షుడనే భూతం కాపలా కూర్చుని ఉంది. మా అక్కను ఇచ్చెయ్యమని అడిగింది వకుళ.

"తోబుట్టువు వచ్చి అడిగితే కాదనకూడదని మంత్రాల కట్టడి. తీసుకుపో పాపా," అంటూ కుండ నిండా నీళ్ళు పోసి, మూతపెట్టి, మైనంతో బిగించి ఇచ్చింది భూతం. "ఒక్క చుక్క కూడా తొణకదులే!"

వకుళ నాలుగడుగులు వేసిందో లేదో, లోపల మూతకు టపటపా ఏదో తగలసాగింది. ఇంటిదగ్గర అక్కలిద్దరూ మాటిమాటికీ నీటిపైకి వచ్చి గాలి గుటకలు వేయడం గుర్తొచ్చింది.

"దొంగభూతమా! మా అక్కకు ఊపిరాడకుండా చేశావా?" అని అరుస్తూ మైనం పెరికి, సగం నీళ్ళు పారబోసి, చేప ఎగిరి పడకుండా పలచని గుడ్డ కట్టింది. భూతం పళ్ళు కొరకడం తప్ప ఏమీ చేయలేకపోయింది.

పున్నమినాడు పొద్దు వాలుతుండగా వకుళ కోట చేరింది. ఆత్రం కొద్దీ శరావతిని తొట్టిలోకి వదిలింది. అదే పొరపాటైంది. రోహిణి రాళ్ళ సందులోంచి, కుముద నాచులోంచి దూసుకొచ్చి కొత్త చేపపై పడ్డారు. శరావతి రెక్క చిరిగింది.

"అయ్యో, తీసెయ్యవే! చంపేసేలా ఉన్నారు!" అని ఏడ్చింది తల్లి.

"తీసేస్తే శాపం పోదమ్మా!" అంది వకుళ. ఆమెకూ ఏడుపు తన్నుకొస్తోంది. అయినా కళ్ళార్పకుండా తొట్టిలోకే చూసింది. రాళ్ళు రోహిణివట, నాచు కుముదదట! ముందొచ్చినవాళ్ళు చోటంతా పంచేసుకున్నారు. వెనకొచ్చిన అక్కకు తల దాచుకునే మూల లేదు.

గబగబా ముగ్గురినీ వేరువేరు గిన్నెల్లోకి తీసింది. రాళ్ళన్నీ పెరికి కొత్తగా పేర్చింది. కొబ్బరిచిప్పలు బోర్లించి, ఎదురుగా ఉన్నది కనబడనంత దట్టంగా నీటిమొక్కలు నాటింది. పొద్దు కొండ అంచుకు దిగింది. అప్పుడు ముగ్గురినీ ఒక్కసారే వదిలింది.

చేపలు తికమకపడ్డాయి. ఎవరి చోటు ఎవరిదో ఎవరికీ తెలియలేదు. రోహిణి మొప్పలు విప్పి శరావతి మీదికి ఉరికింది. శరావతి మొక్కల చాటుకు తప్పుకుంది. రోహిణి వెతికి, విసిగి, మరో మూలకు పోయింది.

సూర్యుడు గుంకాడు. తొట్టి ఫెళ్ళున పగిలి, తడిసిన బట్టలతో ముగ్గురు రాకుమార్తెలు నిలబడ్డారు. శరావతి భుజం మీద నెత్తురు చూసి రోహిణి బావురుమంది.

"అక్కా, కరిచింది నేనే!"

"తెలుసులేవే. నీ పళ్ళు చిన్నప్పటినుంచీ నాకు అలవాటే," అని శరావతి చెల్లెల్ని దగ్గరికి తీసుకుంది.

మరునాడు రాజు వకుళకు పట్టం కడతానంటే ముగ్గురూ సంతోషంగా ఒప్పుకున్నారు. కిరీటం ఎవరు తొడగాలన్న దగ్గర మాత్రం మళ్ళీ కాసేపు పోట్లాడుకున్నారు.