తమిళంలో అన్న మాట

తెల్లవారగానే కుళాయి కింద బిందె పెట్టి, అది నిండేలోగా వాకిలి ఊడ్చుకోవడం ముత్తులక్ష్మికి అలవాటు. ఆ రోజూ అలాగే చీపురు పట్టుకుని వచ్చింది. వాకిలిలో సగానికి పైగా కారే ఉంది. దాని చుట్టూ ఊడ్చి, చక్రాల కింద చేరిన వేపాకు వంగి లాగింది. అద్దాల మీద దుమ్ము మందంగా పేరుకుని ఉన్నా తుడవలేదు. కారు తిరిగొచ్చి నెల కావస్తోంది. తెచ్చి నిలబెట్టిన చోటు నుంచి జానెడు కూడా కదల్లేదు.

ఎదురింటి కరుప్పాయి బిందెతో వస్తూ కారు వంక చూసింది. "పోయిన సొత్తు ఎవురికి తిరిగొస్తాదక్కా? పైనుంచి దురైసామి మామ చూసుకుంటా ఉండాడు" అంది.

ముత్తులక్ష్మి అవునన్నట్టు తల ఊపింది. వీధిలో అందరూ ఈ మాటే అన్నారు. కారు పోయినప్పుడు వచ్చి కూర్చుని ఓదార్చిన వాళ్ళే, దొరికినప్పుడు వచ్చి సంతోషపడి వెళ్ళారు. కూతురూ అల్లుడూ ఇల్లు విడిచి వెళ్ళిన సంగతి మాత్రం ఆమె ముందు ఎవరూ ఎత్తలేదు. కారు గురించి మాట్లాడినంతసేపు మాట్లాడి, ఆ దగ్గరికి వచ్చేసరికి ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి పోయేవారు.

తమిళనాడులో అవినాశి ఊరి చివర ఉన్న ఆ వీధిలో అందరూ తెలుగువాళ్ళే. ఏ కాలంలోనో వచ్చి స్థిరపడిన వాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ముత్తులక్ష్మికి బనియన్ కంపెనీలో చెకింగ్ పని. మొగుడు దురైసామి జీవితమంతా ఇతరుల బండ్లు తోలి, చివరికి సొంతంగా ఒక టాక్సీ కొన్నాడు. వీధిలోకి వచ్చిన మొదటి కారు అదే. కానీ దాన్ని ఎన్నాళ్ళో నడపలేదు. ఒక మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినవాడు మళ్ళీ లేవలేదు.

ఆ తర్వాత కారు అల్లుడు పాండియన్ చేతికి వచ్చింది. అతనిది మేలూరు పక్క. అక్కడి రాతి క్వారీలో లారీ తోలేవాడు. సత్యను పెళ్ళి చేసుకున్నాక, ఒంటరిగా ఉన్న అత్తను వదిలి పోవడం ఎందుకని ఇక్కడే ఉండిపోయాడు. మాట తక్కువ మనిషి. టాక్సీ స్టాండు నుంచి వచ్చి, కారు కడిగి, అన్నం తిని, టీవీ సౌండు తగ్గించి చూసేవాడు. అత్త నిద్రపోతోందేమోనని అతనికి ఎప్పుడూ అనుమానమే.

ఒకరోజు తెల్లారి చూస్తే వాకిలి ఖాళీగా ఉంది.

ముగ్గురూ కలిసే స్టేషన్‌కు పోయారు. కారు ముత్తులక్ష్మి పేరున ఉండడంతో అధికారి ఆమెనే అడిగాడు. తాళంచెవులు ఎన్ని అన్నాడు. రెండు అంది. రెండోది ఎవరి దగ్గర ఉంటుందన్నాడు. అల్లుడి దగ్గర అంది. ఆ మనిషి మీద ఏమైనా అనుమానం ఉందా అన్నాడు.

ఆమె వెంటనే లేదు అనలేదు. కాస్త ఆగి, "ఈమధ్య కారు అమ్మేద్దామంటా ఉండాడు" అని తమిళంలో చెప్పింది.

పాండియన్ ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. స్టాండు నుంచి తోడు వచ్చిన ఇద్దరు డ్రైవర్లు గుమ్మం దగ్గర ఉన్నారు. అధికారి తల ఎత్తి పాండియన్‌ను చూశాడు. సంతకం పెట్టించుకుని ఆమెనూ సత్యనూ ఇంటికి పొమ్మన్నారు. పాండియన్‌ను కూర్చోబెట్టుకున్నారు. మర్నాడు కాక ఆ మర్నాడు గాని పంపలేదు.

తర్వాత అసలు దొంగలు ఇంకో కేసులో దొరికారు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు. కారు బోడినాయకనూరులో, కొండదారి మొదట్లో ఒక షెడ్డులో ఉందని తెలిసింది. వెనక సీటు పీకేసి దాన్లో ఏలకుల మూటలు మోసుకున్నారట. కోర్టు తిరుగుళ్ళు అయ్యాక కూలికి ఒక డ్రైవర్ని పెట్టుకుని ఇంటికి తెప్పించుకుంది. తలుపు తీస్తే ఇప్పటికీ గుప్పున ఏలకుల వాసనే. దురైసామి ఒంటి వాసన, పాండియన్ పెట్టే సాంబ్రాణి వాసన, రెండూ పోయాయి.

ఆ సరికే కూతురూ అల్లుడూ ఇల్లు వదిలేశారు. గొడవేమీ పడలేదు. పాండియన్ స్టేషన్ నుంచి వచ్చి, స్నానం చేసి, "అత్తా, మేము వేరే ఇల్లు చూసుకుంటాము" అన్నాడు. అంతే. పాత బస్టాండు వెనక లైన్ ఇళ్ళలో ఒక గదిలోకి మారిపోయారు. తిట్టి ఉంటే తిరిగి తిట్టి ఏడ్చి తేల్చుకునేదాన్నని ముత్తులక్ష్మి చాలాసార్లు అనుకుంది. ఒకసారి కోడిగుడ్డు కూర చేసి పట్టుకుని ఆ గదికి పోయింది. పాండియన్ లేచి, "రాండి అత్తా" అని కుర్చీ వేసి, చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. ఆమె ఉన్నంతసేపూ తిరిగి రాలేదు.

ఇక అక్కడికి పోలేదు. కంపెనీలో బల్ల ముందు నిలబడి బనియన్లు తిప్పి తిప్పి చూసేది. చుట్టూ ఆడవాళ్ళు పాటలు పెట్టుకుని పని చేసుకుంటుంటే ఆమె మాత్రం ఎవరితోనో వాదిస్తున్నట్టు పెదవులు కదిలించేది. అడిగినదానికే కదా బదులు చెప్పాను. ఉన్నదే కదా చెప్పాను. అమ్మేద్దామని అతను అనలేదా? ఇంటికొచ్చి ఒక్కదానికి గ్లాసెడు బియ్యం వండి, అదీ మిగిల్చేది. మాట్లాడటానికి మనిషి లేక కొన్నిసార్లు టీవీలో వార్తలు చదివే అమ్మాయికి బదులు చెప్పేది.

ఆ ఉదయం బిందె లోపల పెట్టి వచ్చేసరికి సత్య గుమ్మంలో ఉంది. కుట్టుమిషను తీసుకుపోవడానికి ఆటో మాట్లాడుకుని వచ్చానని చెప్పింది.

ముత్తులక్ష్మి కాఫీ కలిపింది. సత్య నిలబడే తాగింది. కూతురు చిక్కిపోయిందని చూస్తూనే తెలిసింది. అల్లుడు ఎలా ఉన్నాడని అడిగింది. నూలు గోడౌన్లో మూటలు ఎత్తుతున్నాడని సత్య చెప్పింది.

ముత్తులక్ష్మి లోపలికి పోయి కారు తాళంచెవి అల్లుడికని తెచ్చి కూతురి చేతిలో పెట్టబోయింది. "ఇది మాప్పిళ్ళకు ఇయ్యి కణ్ణు. కారు ఆయన పేరుకే మార్చేస్తాను. మూటలు ఎత్తే తలరాత ఏంటికి ఆయనకు?"

సత్య చెయ్యి చాపలేదు. "కారు ఇస్తే సరిపోతాదా అమ్మా?"

"ఇంకేమి చేసేది చెప్పు. మన్నించమని అడగాలని వస్తిని. ఆయన నిలబడనే లేదు."

"అమ్మా, ఈ ఊర్లో ఒక్క ఓనరు ఆయన చేతికి బండి ఇయ్యడు. స్టాండులో ఇద్దరు విన్నారు, ఇరవైమందికి చెప్పినారు. స్టాండు దగ్గర టీ తాగేదానికి పోతే, సావి భద్రం, తాళంచెవులు చూసుకోండిరా అని నవ్వుతారు. అందుకే ఆ పక్కకే పోడు." సత్య గొంతు పెంచలేదు. "నువ్వు మన ఇంట్లో తెలుగులో మన్నించమని అడిగితే అది మన ముగ్గురికే తెలుస్తాది. ఆ రోజు నువ్వు అన్నది తమిళంలో. ఊరంతా విన్నాది."

"నేను దొంగ అన్నానా? సావి ఎవరి దగ్గర అంటే చెప్తిని."

"సందేహం ఉందా అని అడిగితే ఎంతసేపు ఆలోచించినావో నీకు తెలుసు. ఆయనకూ తెలుసు. నేను పక్కనే ఉంటిని."

ఆటోవాడూ సత్యా మిషను మోసుకుపోయారు. పోతూ పోతూ సత్య కాఫీ గ్లాసు కడిగి బోర్లించి పోయింది. అది చూసి ముత్తులక్ష్మి గుమ్మంలోనే ఆగిపోయింది. తన ఇంట్లో తన కూతురు చుట్టంలా గ్లాసు కడిగి పెట్టింది.

ఆ రోజు కంపెనీకి పోలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. కూతురి మాట మనసులో నుంచి పోలేదు. నిజంగానే ఎంతసేపు ఆలోచించింది? ఆ కాసేపట్లో ఏమనుకుంది? చాలా రోజులుగా తప్పించుకు తిరుగుతున్న జవాబు అప్పుడు ఎదురుగా వచ్చి నిలబడింది. అనుమానపడింది. ఆ క్షణం నిజంగానే అనుమానపడింది. అంతకు ముందు నుంచే పాండియన్ ఆ కారులో కూర్చున్నప్పుడల్లా ఆమెకు లోపల ఏదో మండేది. అది తన మొగుడు కూర్చోవలసిన సీటు. అమ్మేద్దామని అల్లుడు అన్నప్పుడు, మొగుణ్ణి ఇంట్లోంచి తీసేద్దామన్నట్టు వినబడింది. ఆ కోపమే స్టేషన్లో నోటికొచ్చింది. తనకు అన్నం పెట్టి, తన నిద్ర చెడకుండా టీవీ తగ్గించిన మనిషి మీద. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కారు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

మర్నాడు పొద్దున్నే తల స్నానం చేసి, బస్సెక్కి టాక్సీ స్టాండుకు పోయింది. మొగుడు ఉన్నప్పుడు కూడా ఆమె అక్కడికి ఎప్పుడూ పోలేదు. పది పన్నెండు కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు టీ కొట్టు బెంచీ మీద పేపరు పంచుకుని చదువుతున్నారు. వాళ్ళలో పెద్దాయన ఆండియప్ప ఆమెను గుర్తుపట్టి లేచాడు. ఎక్కడికి పోవాలమ్మా అని తమిళంలో అడిగాడు.

ఎక్కడికీ పోవాల్సిన పని లేదని చెప్పింది. కరెంటు స్తంభం పట్టుకుంది. అందరికీ వినబడాలని గొంతు పెంచింది.

"ఎన్ మాప్పిళ్ళ తిరుడన్ ఇల్లె. నా అల్లుడు దొంగ కాదు. నేనే తప్పుగా చెప్తిని."

బెంచీ మీద పేపరు చప్పుడు ఆగిపోయింది. ఆమె మిగిలినది కూడా తమిళంలోనే చెప్పింది. స్టేషన్లో తాను ఏమందో, ఎందుకందో, కారు ఎవరి దగ్గర దొరికిందో. తన మాట వల్ల ఒక నిజాయితీపరుడి పేరు పోయిందని చెప్పింది. ఒకడు టీ గ్లాసు తీసుకుని అవతలికి పోయాడు. ఆండియప్ప, సరేనమ్మా, విన్నాము, ఇంటికి పోండి అన్నాడు.

కానీ అప్పటికి సగంమంది బాడుగలకు పోయి ఉన్నారు. వాళ్ళు వినలేదు. ముత్తులక్ష్మి బెంచీ చివర కూర్చుంది. కోయంబత్తూరు పోయిన కారు తిరిగొస్తే లేచి పోయి ఆ డ్రైవరుకు చెప్పింది. తిరుప్పూరు నుంచి వచ్చినవాడికి చెప్పింది. ఒక కుర్రాడు నవ్వాడు. వాడి నవ్వు ఆగేదాకా ఉండి మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఎండ నెత్తిమీదికి వచ్చింది. ఆండియప్ప టీ తెచ్చి ఇచ్చి, మిగిలినవాళ్ళకు నేను చెప్తానులే తల్లీ అన్నాడు. ఆమె టీ తీసుకుంది కానీ లేవలేదు. అన్నది నేను, నేనే చెప్పాలి అంది. సాయంత్రం అయ్యేసరికి నవ్వేవాడు లేడు. ఏదైనా కారు వచ్చి ఆగితే, డ్రైవర్లే ఆ వచ్చినవాణ్ణి ఆమె దగ్గరికి పంపసాగారు.

ఎండ చల్లబడ్డాక పాండియన్ వచ్చాడు. గోడౌన్‌కు ఎవరో ఫోన్ చేసి చెప్పారట. చొక్కా నిండా దూది నూగు అంటుకుని ఉంది. కొంచెం దూరంలో ఆగాడు. అతన్ని చూసి ముత్తులక్ష్మి లేచి, ఇంకోసారి, అతని ముందే, అందరికీ వినబడేట్టు తమిళంలో అదే మాట చెప్పింది. గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది.

ఆండియప్ప పాండియన్ దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాడు. రేపటినుంచి స్టాండుకు వచ్చెయ్యమన్నాడు. పాండియన్ తల వంచుకుని విన్నాడు. తర్వాత అత్త దగ్గరికి వచ్చి, "పోదాము రాండి" అన్నాడు.

బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీటు దొరికింది. రెండు స్టాపులు దాటాక ముత్తులక్ష్మి తెలుగులో అడిగింది. "నన్ను మన్నించినారా మాప్పిళ్ళా?"

పాండియన్ కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇంకా లేదత్తా" అన్నాడు. "అబద్ధం చెప్పను. స్టేషన్లో నేలమీద కూర్చోబెట్టినారు. అది మరిచేదానికి కొన్ని దినాలు పడతాది." చొక్కా మీది నూగు దులుపుకున్నాడు. "మీరు పొద్దుటినుంచి అన్నం తినకుండా నిలబడి ఉండారని ఫోనులో చెప్పిరి. టిఫిన్ డబ్బా తెరిచి పెట్టుకుని ఉంటిని. నోట్లోకి పోలేదు."

ముత్తులక్ష్మి మొహం తిప్పుకుంది. కన్నీళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

పాత బస్టాండు దగ్గర బస్సు ఆగితే అతను ముందు దిగి, ఆమె దిగేదాకా మెట్టు పక్కన నిలబడ్డాడు. సందులో దీపాలు వెలుగుతున్నాయి. సత్య గుమ్మంలో కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఇద్దరూ కలిసి రావడం చూసి లేచింది. లోపలికి పోయి మూకుడులో ఇంకో రెండు గుడ్లు కొట్టింది.

పాండియన్ చాప పరిచాడు. ఈసారి బయటికి పోలేదు. అత్తకు ఎదురుగా కూర్చుని, తానే అన్నం గిన్నె దగ్గరికి లాక్కుని, "చాలు అనకూడదు, తినండి" అంటూ మొదట ఆమె కంచంలో పెట్టాడు.