ఎర్రచుక్క దగ్గర ఆగలేదు

ఎండాకాలం మధ్యాహ్నాలు ప్రొద్దుటూరులో బట్టల అంగళ్లు కూడా షట్టరు సగం దించి కునుకు తీస్తాయి. అలాంటి ఒక అంగడి మీది గదిలో సుమతి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. గొర్రెల సంత ధరలు చెప్పే యాప్ అది. తనూ, జమ్మలమడుగు పావనీ రాత్రులు నిద్ర మానుకుని కూర్చుని చేసిన యాప్. పోయిన నెల ఎర్రగుంట్ల దగ్గర లారీ గుద్ది పావని పోయింది. రేపు పులివెందులలో కాపరుల సంఘానికి యాప్ చూపించాలి.

యాప్‌ను పరీక్షించడానికి ల్యాప్‌టాప్‌కు వైరుతో తగిలించిన పాత ఫోన్‌లో తెరిచి చూస్తే, 'తయారీ: పావని' అని ఉంది. అంతే. సుమతి పేరు లేదు!

"నీ పేరు లేకుండా నా పేరుండదు లేవే" అని గండి ఆంజనేయస్వామి మీద ఒట్టేసిన మనిషి. పోయేముందే ఈ పని చేసిపోయిందా? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయి.

సుమతి ల్యాప్‌టాప్‌లోని కోడ్‌లో పేర్లుండే వరుస పక్కన ఎర్రచుక్క పెట్టింది. బ్రేక్‌పాయింట్. ప్రోగ్రాం అక్కడికి రాగానే ఆగి, లోపల ఏముందో చూపించాలి. ఆగలేదు. చుక్క నిండకుండా వట్టి సున్నాలా మిగిలింది. ఫోన్‌లో నడిచేది ఈ కోడ్ కాదని దానర్థం. యాప్ తీసేసి మళ్లీ ఎక్కించింది. ఊహూఁ. అది ఏ మెషీన్లో తయారైందో వెతికింది. పావని ల్యాప్‌టాప్‌లో. తేదీ... ఈరోజుది.

ఎవడో దాన్ని కాజేసి ఆడుకుంటున్నాడు. తన ఫోన్ తీసి పావని వాళ్లమ్మకు చేసింది.

"పెద్దమ్మా, పావని ల్యాప్‌టాప్ ఎవరికిచ్చినారు?"

పెద్దసుబ్బమ్మ గొంతు సన్నబడింది. "ఎవరికీ ఇయ్యలేదు మా. దానికి శానా ఇష్టమని పక్కనే పెట్టి పూడ్సినారు. ఆడోళ్లం ఆడికి పోము కదా, నీకు తెలీదు."

ఫ్యాన్ ఆగింది. కింద వీధిలో చప్పుడు లేదు. తడిమట్టి వాసన... ఇంత ఎండలో. సుమతి గబుక్కున పాత ఫోన్ వైరు లాగేసింది. వైరు కొసకు నల్లరేగడి మట్టి. తడిగా ఉంది.

"నన్నెందుకే మోసం చేసినావు?" గుసగుసగా అడిగింది. ఏడుపు తన్నుకొచ్చింది.

వైరు లేదు. అయినా... ల్యాప్‌టాప్‌లో చుక్క మెల్లగా ఎర్రగా నిండింది. ప్రోగ్రాం ఆగింది. ఆ వరుసలో ఏముందో చూపించింది.

'తయారీ: పావని, కీ.శే. సుమతి.'