దొరగారి నీళ్ళు వేడెక్కిన రోజు

"చల్లగా ఉంది!"

"వేడిగా ఉంది!"

"నీ మొహం. చల్లగా ఉంది."

"నీ మొహమే. కాగిపోతోంది."

హాల్లో అక్వేరియం ముందు నిలబడి అన్నాచెల్లెళ్ళిద్దరూ తడి వేళ్ళు ఆడిస్తూ పోట్లాడుకుంటున్నారు. ఇద్దరూ ఒకే నీళ్ళలో వేలు ముంచారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

చెల్లెల్ని ఇంట్లో ఎవరూ పేరుపెట్టి పిలవరు. అందరికీ ఆమె పిడుగు. ఏ పనైనా చెప్పేలోపే మొదలుపెడుతుంది. పూర్తయ్యేలోపే వదిలేసి ఇంకో పని మీదికి దూకుతుంది. ఒక్క అక్వేరియం పని మాత్రం ఆమె ఇంతవరకూ వదల్లేదు.

ఆ అక్వేరియం తాతయ్యది. తాతయ్య ఇప్పుడు లేడు.

ఆయన పోయిన కొత్తలో నాన్న, "చూసుకునేవాళ్ళు లేనప్పుడు ఇంట్లో ఎందుకు? తెలిసినవాళ్ళకెవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు. అక్వేరియం వైపు చూడకుండానే అన్నాడు.

"నేను చూసుకుంటాను" అంది పిడుగు వెంటనే.

"చేపలంటే బొమ్మలు కావమ్మా. వాటికేమైనా అయితే?"

"ఏమీ అవదు."

"సరే. ఏమైనా అయితే మాత్రం ఇచ్చేద్దాం."

పిడుగు తాతయ్య చేసేవన్నీ గుర్తు తెచ్చుకుని అలాగే చేసేది. చిటికెడు మేత వేసేది. నీళ్ళలో చెయ్యి పెట్టే ముందు హీటర్ స్విచ్ ఆపేది. ఈ ఒక్క విషయంలో తాతయ్య చాలా గట్టిగా ఉండేవాడు. ఎంత తొందరలో ఉన్నా పిడుగు అది మరిచిపోలేదు.

ఇంకో పని కూడా ఆమెకు బాగా గుర్తుంది. రోజూ పొద్దున్నే తాతయ్య అక్వేరియం ఎడమ మూలకు వెళ్ళి, వంగి, గాజుకి ముక్కు ఆనించేవాడు. పెదవులు కదిపి ఏదో గొణిగేవాడు. తర్వాత స్విచ్ ఆపి నీళ్ళలో వేలు ముంచేవాడు. నల్లచారల ఏంజెల్ ఫిష్ ఒకటి మొక్కల వెనక నుంచి తీరిగ్గా బయటికి వచ్చేది. దాని పేరు దొరగారు.

"దొరగారూ, లేచారా? బాగుందా?" అనేవాడు తాతయ్య. తాతయ్య ఇంట్లో 'మీరు' అని పిలిచేది ఆ చేపనొక్కదాన్నే.

మూలకి వెళ్ళి గొణిగేది దొరగారికి ఏదో రహస్యం చెప్పడానికనీ, వేలు ముంచేది నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో చూడటానికనీ పిడుగు అనుకుంది. రహస్యాలు ఆమెకేం లేవు. అందుకని రోజూ వేలు మాత్రం ముంచేది.

ఆ రోజు ఆదివారం. బయట చలిగాలి కొడుతోంది. పిడుగు వేడివేడి నీళ్ళతో స్నానం చేసి, నేరుగా వచ్చి, స్విచ్ ఆపి వేలు ముంచింది.

"అమ్మో, ఎంత చల్లగా ఉన్నాయో! పాపం దొరగారు."

హీటర్ మీది గుబ్బను కొంచెం ఎక్కువ వైపు తిప్పి స్విచ్ వేసింది. ఆ గుబ్బ మీది అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి.

మధ్యాహ్నం పిడుగు, నానమ్మ మోకాళ్ళకని రబ్బరు సంచిలో వేడినీళ్ళు నింపింది. సంచిని రెండు చేతులా పొదివి పట్టుకుని నానమ్మకు ఇచ్చి, తిరిగి వస్తూ మళ్ళీ స్విచ్ ఆపి వేలు ముంచింది. ఇంకా చల్లగానే అనిపించింది. గుబ్బను ఇంకాస్త తిప్పింది.

అప్పుడే అన్నయ్య వాకిట్లో కుళాయి దగ్గర సైకిల్ కడుక్కుని లోపలికి వచ్చాడు. పిడుగు స్విచ్ వేసేలోపే వాడూ ఒక వేలు ముంచాడు. గొడవ అక్కడ మొదలైంది.

"నానమ్మా! నువ్వే చెప్పు. చల్లగా ఉందా, వేడిగా ఉందా?"

నానమ్మ మోకాలు పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. నీళ్ళ వైపు చూడలేదు. చెరో చేత్తో ఇద్దరి చేతులూ పట్టుకుంది.

"దీని చేతులు పెనంలా ఉన్నాయి. వీడివి కుళాయి గొట్టంలా ఉన్నాయి. ఇద్దరూ మీ చేతుల సంగతి చెప్పుకుంటున్నారు. నీళ్ళ సంగతి ఎవరు చెప్పారు?"

అన్నయ్య నవ్వబోయి ఆగిపోయాడు. "నానమ్మా, దొరగారిని చూడు."

దొరగారు నీళ్ళ పైఅంచున ఉన్నారు. నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నారు. చెంపల దగ్గర మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. చిన్న చేపలన్నీ కూడా పైకే వచ్చి చేరాయి.

నానమ్మ హీటర్ వైపు చూసింది. "ఇదెవరు తిప్పారు?"

'ఏమైనా అయితే ఇచ్చేద్దాం' అన్న నాన్న మాట పిడుగు చెవిలో వినిపించింది. కానీ దొరగారి నోరు తెరుచుకుంటూనే ఉంది.

"నేనే. రెండుసార్లు" అంది.

అని ఊరుకోలేదు. వంటింట్లోకి పరుగెత్తింది. ఫ్రిజ్‌లోంచి ఐస్ ట్రే లాక్కుని, అంతే వేగంగా వచ్చింది.

"ఆగు! అది కింద పెట్టు."

"ఉడికిపోతున్నారు నానమ్మా!"

"ఉడికిపోయేవాణ్ణి మంచులో పడేస్తే బాగుపడతాడా? వేడి ఎక్కినంత నెమ్మదిగానే దిగాలి. ముందు స్విచ్ ఆపు. ఎంత వేడి ఉందో చూడు."

పిడుగు స్విచ్ ఆపింది. "ఎలా చూడను? నా చేతులు పెనాలన్నావుగా."

"మీ తాతయ్య ఎలా చూసేవారో అలాగే."

"తాతయ్య వేలు పెట్టే చూసేవాడు!"

నానమ్మ ఒక్క క్షణం మనవరాలి మొహంలోకి చూసింది. తర్వాత ఆమెను అక్వేరియం ఎడమ మూలకు తీసుకువెళ్ళింది.

ఆ మూల గాజు మీద చిన్న మరక ఉంది. నానమ్మ వారం వారం గాజంతా తుడుస్తుంది. ఆ మూల మాత్రం తుడవదు. "అక్కడ మరక ఉంది నానమ్మా" అని అన్నయ్య ఎన్నిసార్లు చెప్పినా "ఉండనీలే" అంటుంది.

"అది చెరపకు" అంది నానమ్మ. "దాని కిందగా ముక్కు ఆనించి, లోపలికి చూడు."

పిడుగు మునివేళ్ళ మీద లేచి ముక్కు ఆనించింది. గాజు ముక్కుకి చల్లగా తగల్లేదు. ఎదురుగా మొక్కలు గుబురుగా పెరిగి ఉన్నాయి. తాతయ్య పోయాక వాటినెవరూ కత్తిరించలేదు. ఆ ఆకుల సందులోంచి సన్నటి గాజు గొట్టం ఒకటి కనిపించింది. దాని మీద అంకెలున్నాయి. ఒకచోట ఎర్రటి చుక్క ఉంది.

"థర్మామీటర్! ఇక్కడ థర్మామీటర్ ఉందా?"

"ఎప్పటినుంచో ఉంది. కళ్ళజోడు పెట్టుకోండంటే ఆయన వినేవారా? నాకెందుకు, నా కళ్ళు బాగానే ఉన్నాయి అనేవారు. ముక్కు గాజుకి తగిలితే తప్ప అంకె కనిపించేది కాదు. కనిపించాక రెండుసార్లు పైకి చదువుకునేవారు. ఆ ఎర్రచుక్క ఆయన పెట్టుకున్న గుర్తే, నీళ్ళు అక్కడే ఉండాలని."

"మరి వేలు?"

"అది వేడి చూడటానికి కాదే. నేను వచ్చానని దొరగారికి చెప్పడానికి."

పిడుగు మళ్ళీ లోపలికి చూసింది. "చుక్క ఇరవై ఆరు దగ్గరుంది. నీళ్ళు... ముప్ఫై రెండు." రెండోసారీ చదివింది. "ముప్ఫై రెండు, నానమ్మా."

తర్వాత ముగ్గురూ కలిసి పని చేశారు. అన్నయ్య అక్వేరియం మూత ఎత్తి పక్కన పెట్టాడు. గాలి పంపు జోరు పెంచాడు. బుడగలు బుసబుసమని లేచాయి.

నాన్న కూరగాయల సంచితో లోపలికి వచ్చింది అప్పుడే. మూత లేని అక్వేరియం, కరుగుతున్న ఐస్ ట్రే, పిడుగు మొహం, మూడూ చూశాడు.

"ఏమైంది?"

పిడుగు చెప్పింది. స్నానం, రబ్బరు సంచి, గుబ్బ, అన్నీ వరసగా చెప్పింది. మధ్యలో ఏదీ వదిలెయ్యలేదు.

నాన్న సంచి కింద పెట్టాడు. గదిలోకి వెళ్ళి టేబుల్ ఫ్యాన్ తెచ్చాడు. గాలి నీళ్ళ మీదుగా పోయేలా స్టూలు మీద పెట్టాడు.

"ఎండాకాలంలో మా నాన్న ఇలాగే పెట్టేవాడు" అన్నాడు. తాతయ్య పోయాక ఆయన గురించి నాన్న మాట్లాడటం పిడుగు వినడం ఇదే మొదటిసారి.

ఇక మిగిలింది ఎదురుచూడటం. పిడుగుకి అన్నిటికంటే కష్టమైన పని అదే. ఐదు నిమిషాలకోసారి లేచి మూలకు పరుగెత్తింది.

"ముప్ఫై రెండే!"

"నువ్వు చూసినప్పుడల్లా దిగుతుందా? కూర్చో" అని నానమ్మ ఆమె ఒళ్ళో బఠాణీల పళ్ళెం పెట్టింది. "ఇవన్నీ ఒలిచాక చూడు."

పిడుగు ఒలిచింది. ఒలుస్తూ దొరగారినే చూసింది. కొన్ని గింజలు పళ్ళెంలో, కొన్ని సోఫా కింద పడ్డాయి.

"సోఫాకి కూడా ఆకలేస్తోందా?" అన్నాడు అన్నయ్య. ఇంకెప్పుడైనా అయితే పిడుగు ఒక్క మాటకి పది మాటలనేది. ఇప్పుడు దొరగారి మీంచి చూపు తిప్పలేదు. వాడే వంగి గింజలు ఏరి ఇచ్చాడు.

పళ్ళెం నిండాక చూస్తే ముప్ఫై ఒకటి. హోంవర్క్ అయ్యాక చూస్తే ముప్ఫై. ఆ తర్వాత పిడుగు కంటే ముందే నాన్న లేచాడు. మూలకు వెళ్ళి వంగాడు. కనిపించలేదేమో, ఇంకొంచెం వంగాడు. ముక్కు గాజుకి తగిలింది.

నానమ్మ బఠాణీ తొక్కలు దగ్గరికి తీస్తూ, "నీకూ కళ్ళజోడు కావాలిరా" అంది.

"ఇరవై తొమ్మిది" అన్నాడు నాన్న.

దీపాలు వేసే వేళకి చిన్న చేపలు మధ్యకి దిగాయి. దొరగారు ఇంకా పైనే ఉన్నారు. పిడుగు కదల్లేదు. కాసేపటికి దొరగారు నోరు మూశారు. ఒకసారి తోక ఆడించి, నెమ్మదిగా మొక్కల వెనక్కి వెళ్ళిపోయారు.

పిడుగు అప్పుడు ఏడ్చింది.

ఆసుపత్రిలో డ్యూటీ ముగించుకుని వచ్చిన అమ్మ జరిగిందంతా వింది. వంగి థర్మామీటర్ చూసింది. "ఆ చుక్క నా గోళ్ళ రంగుతో పెట్టింది! ఆ రంగు సీసా కోసం అప్పట్లో ఇల్లంతా వెతికాను" అంది. నాన్న నవ్వాడు.

పిడుగు మెల్లగా అడిగింది. "నాన్నా, అక్వేరియం ఇచ్చేస్తామా?"

నాన్న మొక్కల వైపు చూస్తూ అన్నాడు. "ఆకులు బాగా పెరిగిపోయాయి. అంకెలు కనపడటం లేదు. రేపు సాయంత్రం ఇద్దరం కలిసి కత్తిరిద్దాం."

రాత్రి నీళ్ళు చుక్క దగ్గరికి దిగాక నాన్న గుబ్బను వెనక్కి తిప్పి స్విచ్ వేశాడు. మర్నాడు పొద్దున చలి ఇంకా ఎక్కువగా ఉంది. పిడుగు వేడినీళ్ళతో స్నానం చేసి హాల్లోకి వచ్చింది. అలవాటుగా వేలు ముందుకు చాచింది. చాచిన వేలిని వెనక్కి తీసుకుంది.

ఎడమ మూలకు వెళ్ళి గాజుకి ముక్కు ఆనించింది. "ఇరవై ఐదు" అని గొణిగింది. "ఇరవై ఐదు" అని మళ్ళీ గొణిగింది. హీటర్ గుబ్బని వెంట్రుకవాసి తిప్పింది. ఇంకొంచెం తిప్పాలనిపించింది గానీ తిప్పలేదు.

"స్కూల్ నుంచి వచ్చాక మళ్ళీ చూస్తాను" అంది, ఎవరూ అడగకుండానే.

తర్వాత స్విచ్ ఆపి, వేలు ముంచింది.

"దొరగారూ, లేచారా?"

ఆకుల వెనక నల్లచారలు కదిలాయి. దొరగారు తీరిగ్గా బయటికి వచ్చారు.

పిడుగు మళ్ళీ స్విచ్ వేసి స్కూల్‌కి వెళ్ళిపోయాక, నానమ్మ పొడిగుడ్డ తెచ్చి గాజు తుడిచింది. ఎడమ మూల పాత మరక అలాగే ఉంది. దానికి కొంచెం కింద, ఇంకా చిన్నది, కొత్తది ఇంకొకటి ఉంది.

నానమ్మ రెండింటి చుట్టూ తుడిచింది.