పచ్చ వెలుగు చెప్పిన చావు

కడపలో శివలీల డిటెక్టివ్ ఆఫీసు పిండిమర పైన ఉంటుంది. కింద జొన్నలు నలుగుతాయి, పైన మనుషులు నలుగుతారు. ఆ ఉదయం మెట్లెక్కిన రామేశ్వరమ్మ మాత్రం ముందే పిండైపోయి వచ్చింది. ఆదోని పక్క పల్లె మనిషి. మోచేతి నుంచి మణికట్టు దాకా నల్లబడిన పచ్చబొట్లు. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా కాళ్ల మీద పడబోయింది.

"నా బిడ్డ ఆ సామిని సంపలేదు తల్లీ! పొద్దుగూకేలోపు కోర్టుకు తీసుకపోతారంట. జైల్లో ఏస్తే అది బతకదు. యాడికి పోవాల్నో తెలీక నీకాడికొచ్చినా."

అసిస్టెంటు ఉరుకుందు నీళ్లు తెచ్చాడు. పేరులో ఉన్న ఉరుకు అతని నడకలో ఉండదు గానీ, ఆ ఏడుపు విని ఆ పొద్దు నిజంగానే ఉరికాడు.

ఆమె కూతురు భువన కడపలోనే ఓ బట్టల వ్యాపారి ఇంట్లో ఉండి పనిచేసే నర్సు. గుండె ఆపరేషనై మంచం పట్టిన నాగసుబ్బయ్యను చూసుకునేది. నిన్న ఆయన భార్య సుందరలక్ష్మి పెళ్లికని రాయచోటి పోయింది. భువన సాయంత్రం ఆరు దాటాక, ఆయన కునుకు తీస్తుంటే పెరట్లోని తన గదికి వెళ్లింది. రాత్రి భార్య తిరిగొచ్చేసరికి ఆయన ముఖం మీద దిండు, దిండు కింద శవం. చావు వేళ రెండు మూడు గంటలు అటూ ఇటూ ఉండొచ్చంది పోస్టుమార్టం. ఆయన చేతి ఫిట్‌నెస్ వాచీ మాత్రం సరిగ్గా ఆరింటికే నాడి ఆగిందని చూపించింది. అప్పుడు ఇంట్లో ఉన్నది భువన ఒక్కతే.

"గదికి పోయే ముందర ఆ సామికి మా ఊరి దేవుడు ఈరన్న కంకణం కట్టిందంట తల్లీ. దారం చాలక తన చీర అంచు చింపి అతికించిందంట. పోలీసోళ్లేమో కంకణమే లేదు, అంతా అబద్ధమంటాండారు."

ఉరుకుందు గొంతు సవరించుకున్నాడు. "ఈరన్న దారం తెగినా చెత్తలో ఎయ్యకూడదు మేడం. కాల్చకూడదు. పారే నీళ్లలోనే వదలాల. నాదీ తెగింది. కాలువలో నీళ్లు లేక పర్సులో పెట్టుకోని తిరుగుతాండా."

శివలీల అతని పర్సు వైపు ఓ క్షణం అలాగే చూసింది.

నాగసుబ్బయ్య ఇంట్లో ఇన్‌స్పెక్టర్ పుల్లన్న అడ్డంగా తలూపాడు. "మనిషి సాక్షిని కొనొచ్చమ్మా. వాచీ సాక్షినెవరు కొంటారు?"

"షాపువాడు అమ్ముతాడుగా," అంది శివలీల. ఫొటోల్లో శవం ఎడమ మణికట్టు చుట్టూ దట్టంగా పొడిపించుకున్న పచ్చబొట్టు పాము. దాని పడగ మీద వాచీ.

"వయసులో జాతరలో పొడిపించుకున్నాడు," అంది సుందరలక్ష్మి ఏడుస్తూ. "వాచీ ఎప్పుడూ కుడిచేతికే పెట్టుకునేది. ఎడమకెట్లొచ్చెనో."

అక్కణ్నించి బట్టల కొట్టుకు పోయారు. మామ పోయిన మర్నాడే మేనల్లుడు మురళి గల్లా ముందు కూర్చున్నాడు.

"వాచీ నేనే కొనిచ్చినా మేడం. ఇంటి వైఫై మీద నా ఫోనుకే కలుపుకున్నా, కొట్టులో ఉన్నా తెలుస్తాదని. మామంటే నాకు శానా ప్రాణం. ఆరింటికి నేను ఈడనే ఉండా, ఎవురినైనా అడగండి."

"ఏడింటికి?"

"ఏడింటితో ఏం పని మేడం? పోయింది ఆరింటికి కదా!"

అతని తల వెనక దేవుడి పటం ఒక పక్కకు ఒరిగి ఉంది. ఫ్రేము అంచుకు కొత్త పసుపు మరక. శివలీల పటానికి దణ్ణం పెట్టి బయటికి వచ్చి, పుల్లన్న చెవిలో ఏదో చెప్పింది. మేడంకు ఇంత భక్తి ఎప్పుడు పుట్టిందా అని ఉరుకుందు నోరు తెరిచాడు.

పొద్దు వాలేలోపు అందరూ నాగసుబ్బయ్య హాల్లో చేరారు. కానిస్టేబుల్ పక్కన భువన, అంచు చిరిగిన ఎర్రచీరలో. రామేశ్వరమ్మ గోడకు ఆనుకుంది, కన్నీళ్లు కూడా అయిపోయి.

శివలీల అదే రకం వాచీ ఒకటి తీసింది. "దీనికి చెవుల్లేవు. గుండె చప్పుడు వినదు. ఉన్నదంతా కన్నే. అడుగునుంచి పచ్చ వెలుగు చర్మంలోకి వేస్తుంది. నెత్తురు పచ్చ వెలుగును మింగుతుంది. గుండె కొట్టినప్పుడల్లా మణికట్టులోకి నెత్తురు పొంగి, తిరిగొచ్చే వెలుగు తగ్గుతుంది. మళ్లీ పెరుగుతుంది. ఆ మినుకుల్ని లెక్కపెట్టి గుండె వేగమంటుంది."

పుల్లన్న చేతికి కడితే ఎనభై రెండు చూపించింది. తర్వాత రామేశ్వరమ్మ పచ్చబొట్ల మణికట్టుకు కట్టింది. అంకెల చోట గీతలు. ఎంతసేపు చూసినా గీతలే.

"వెలుగును సిరా మింగేసింది. ఈ వాచీ లెక్కన రామేశ్వరమ్మకు నాడి లేదు."

"నిన్నట్నించి నేను సచ్చినట్టే ఉండా తల్లీ," అందామె.

పచ్చ వెలుగు పచ్చబొట్టు మీద పడి పచ్చి అబద్ధం ఆడిందని ఉరుకుందుకు అప్పటికి వెలిగింది.

"మగవాళ్లకు కంకణం కుడిచేతికి కడతారు," అంది శివలీల. "అందుకే భువన ఆరింటికి వాచీని ఎడమ చేతికి, పాము మీదికి మార్చింది. వాచీ చచ్చింది, మనిషి చావలేదు. ఆ సంగతి మురళి ఫోనులో పడింది. భువన తన గదికి పోయాక ఇంటికొచ్చి చూస్తే మామ నిద్రపోతున్నాడు. వాచీ లెక్కలో చచ్చినవాణ్ని మళ్లీ చంపితే అడిగేదెవరు? ఆరింటికి తాను జనం మధ్యలో ఉన్నాడు. కంకణం కనిపిస్తే వాచీ ఎందుకు మారిందో తెలిసిపోతుంది. అందుకే దాన్ని తెంపేశాడు."

"యాడుండాది ఆ కంకణం? చూపించండి!" అరిచాడు మురళి.

"పారే నీళ్లలో వదలాలి. పెన్నలో ఇసుక, కాలువలో పగుళ్లు. చేసేది లేక దేవుడి వెనకే దాచావు."

పుల్లన్న జేబులోంచి కవరు తీశాడు. మురళి కొట్టులోని పటం వెనక దొరికింది. అందులో తెగిన పసుపు దారం, చివర అతికించిన ఎర్ర అంచు. భువన తన చీర చిరిగిన అంచు ఎత్తి పక్కన పట్టింది. చిరుగు చిరుగుతో కలిసింది.

మురళి నేల మీద కూలబడ్డాడు. "మామ కొట్టంతా తన కూతురికి రాస్తానన్నాడు మేడం. నా బతుకంతా ఆ గల్లా కాడనే పాయె... అగ్గిపుల్ల గీసినా. దేవుని దారం, కాల్చలేకపోయినా."

"దారానికి ఉన్న విలువ మనిషికి లేకపాయెనా అప్పా!" అన్నాడు ఉరుకుందు.

మురళిని తీసుకెళ్లారు. భువన తల్లి పక్కన కూలబడింది. రామేశ్వరమ్మ చేతి వాచీ ఇంకా గీతలే చూపిస్తోంది. ఆమె దాని వంక చూడలేదు. బిడ్డ మణికట్టు మీద బొటనవేలు అదిమి పట్టి, కళ్లు మూసుకుంది.

"కొట్టుకుంటాండాది," అంది.