పాలు ఆరని కొమ్మ

నర్సరీలో కొమ్మలు ఆరబెట్టే గదికి కిటికీ లేదు. గొళ్ళెం బయటివైపే. మధ్యాహ్నం మూడు దాటాక, అక్కడ మొక్కల పని చేసే ఆవిడ ఏడేళ్ళ కూతుర్ని గుమ్మం బయట స్టూలు మీద కూర్చోబెట్టింది.

"చిట్టీ, కదిలావంటే వీపు విమానం మోతే. కొమ్మలు చూసి చిటికెలో వచ్చేస్తా."

"నీ చిటికె నాకు తెలుసులే. నిన్న గంటయింది," అంది పిల్ల.

అవి దేవగన్నేరు కొమ్మలు. కోస్తే పాలు కారతాయి. వారం రోజులు నీడన పడేసి, పాలు ఆరాకే నాటాలి. పచ్చిగా నాటితే కుళ్ళిపోతాయి. ఈ పాఠం నేర్పింది నర్సరీ ముసలాయన. కిందటేడు పోయాడు. తనను పూడ్చినచోట తలాపున దేవగన్నేరు నాటమని పోయేముందు అడిగాడు. నరికి పడేసినా పూసే చెట్టు, దానికి చావు లేదనేవాడు. ఆవిడే నాటింది. కానీ ఆరబెట్టే ఓపిక లేక పచ్చి కొమ్మే గుచ్చేసింది.

కుళ్ళాల్సింది. ఏపుగా పెరిగింది. ఈమధ్య కొమ్మలు తక్కువపడితే ఆ చెట్టువే పది కోసుకొచ్చింది. కోస్తుంటే కత్తి జారి బొటనవేలు తెగింది.

తొమ్మిది రోజులైంది. ఆవిడ లోపలికెళ్ళి ఒక కొమ్మ ఎత్తి చూసింది. కోసినచోట పాలు... ఇంకా కారుతున్నాయి. పదింటికీ చివర పూలు. గదంతా తియ్యటి వాసన, గొంతుకు అడ్డం పడేంత.

వెనక తలుపు మూసుకుంది. గొళ్ళెం పడింది.

"చిట్టీ! ఆటలా? తియ్యవే!"

తోసింది. రెండు చేతులా బాదింది. చీకటి. టప్... టప్... పాలబొట్లు.

తలుపవతల ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఆవిడకి తెలుసు.

"పచ్చిది గుచ్చావు కదమ్మాయ్, నా నెత్తిన." గొంతు మెల్లగా ఉంది. కోపం లేదు. "ఈసారి ఆరనిద్దాం."

"బాబాయ్... బుద్ధి తక్కువైంది. నీ కాళ్ళు పట్టుకుంటా, తియ్యి. బయట పిల్ల ఒక్కతే ఉంది."

"ఒక్కతే ఎందుకుంటుంది? నేనున్నాగా."

పిల్ల కిసుక్కున నవ్వింది.

"అమ్మా, తాత తియ్యొద్దంటున్నాడు. వారమేనంట. ఈలోపు మేమిద్దరం గుంట తవ్వుతాం!"

అడుగులు దూరమయ్యాయి. ఒక్క జతే. చిన్నవి.

బాదినందుకు కాబోలు, బొటనవేలి గాయం మళ్ళీ చిట్లి చెమ్మగా తగిలింది. తలుపు కింద సందులోంచి సన్నగా వెలుతురు పడుతోంది. ఆవిడ వంగి, వేలు అక్కడ పెట్టి చూసుకుంది.

ఎరుపు లేదు... తెల్లగా, జిగటగా, ఒక్క బొట్టు.