చెరి సగం

తెల్లవారేసరికే పీరాంబీ పొయ్యి రాజేసి జొన్నరొట్టెలు తడుతోంది. కోడలు నూరున్నీసా వాకిట్లో కూర్చుని పరుపు గలేబు కుడుతోంది. చేతులు మాత్రమే పనిచేస్తే ఆమె నూరున్నీసా ఎందుకవుతుంది? నోరూ ఆడుతూనే ఉంది.

“ఈ పొద్దు డాక్టరు జీపు వస్తాది అత్తా. నా మొగుడు ఇన్ని నెల్లు మందు మింగినా దగ్గు తగ్గల్యా. రానీ, ఆ సారును గట్టిగా అడుగుతా.”

“వాళ్లనేం అడుగుతావులేమ్మే! వాళ్లకు తెలీదా?” అంది పీరాంబీ, పెనం మీదనుంచి చూపు తిప్పకుండా.

ప్రొద్దుటూరులో ఆ వీధి వీధంతా దూది ఏకేవాళ్లే. పీరాంబీ కొడుకు ఖలందర్ దగ్గుతుంటే మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. దూదిపొట్టు మింగేవాడు దగ్గక ఏం చేస్తాడని నవ్వారు. నెత్తురు పడ్డాక నవ్వులు ఆగిపోయాయి. డాక్టర్లకు చదువు చెప్పే పెద్దాసుపత్రి వాళ్లు అప్పుడే ఒక పరిశోధన మొదలుపెట్టారు. క్షయరోగిని ఆసుపత్రిలో పడుకోబెట్టకుండా ఇంట్లోనే ఉంచి మాత్రలు మింగిస్తే నయమవుతుందా, కాదా అని చూడడం వాళ్ల ఉద్దేశం. అందుకు ఎంచుకున్నవాళ్లలో ఖలందర్ కూడా ఉన్నాడు. మందు ఊరికే ఇస్తారు. ఆ సంగతి తెలిసిన రోజు నూరున్నీసా దర్గాలో చక్కెర మీద ఫాతిహా చదివించి వీధంతా పంచింది.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఖలందర్ చెల్లెలు షాహీదా జమ్మలమడుగు నుంచి పుట్టింటికి వచ్చింది. వచ్చిందేమిటి, దగ్గుతోందని అత్తింటివాళ్లు బస్సెక్కించి పంపేశారు. ఆమెకు రెండు ఊపిరితిత్తులూ చెడ్డాయనీ, అంత ముదిరినవాళ్లను ఈ పరిశోధనలో చేర్చుకోవడానికి వీల్లేదనీ, ఆసుపత్రిలో మంచం ఖాళీ అయినప్పుడు కబురు చేస్తామనీ డాక్టరు చెప్పి వెళ్లాడు. కబురు రాలేదు.

ఎండెక్కాక జీపు వచ్చింది. డాక్టరు ఆదినారాయణ చిన్నవాడే గానీ ఆ రోజు ముఖం గంటు పెట్టుకుని లోపలికి వచ్చాడు.

“పోయిన వారం సాయంత్రం పూట మా మనిషి చెప్పకుండా వచ్చి ఖలందర్ మూత్రం పరీక్షకు తీసుకెళ్లాడు. అందులో మందు ఆనవాలే లేదు. మాత్రలు పారేస్తున్నారా?”

నూరున్నీసా గయ్యిమని లేచింది. “ఏం మాట సారూ అది! ప్రాణం పోసే మందును ఎవురన్నా పారేస్తారా? దినామూ మా అత్త చేతులారా ఇస్తాంది!”

“రెండు పూటలా ఇస్తోందా?”

మంచం మీదనుంచి ఖలందర్ తల ఎత్తాడు. “రెండు పూటలు యాడిది సారూ? పొద్దున పూట చాలని మీరే చెప్పినారంట గదా.”

“ఎవరన్నారు?”

ఖలందర్ తల్లి వైపు చూశాడు. అందరూ అటే చూశారు. పీరాంబీ చేతులకు పిండి అంటుకునే ఉంది. ఆ చేతులతోనే కొంగు నోట్లో కుక్కుకుంది.

“నేనే అబద్ధం చెప్పినా సారూ. పొద్దుటివి వానికి, సాయంత్రానివి బిడ్డకు. ఈ ఇంట్లోకి ఏమొచ్చినా ఇద్దరికీ చెరి సగం పెట్టే పెంచినా. రొట్టె తుంచినా అంతే, మిఠాయి తుంచినా అంతే. ఇప్పుడు ఒకనికి పెట్టి, ఇంకొకదాన్ని చూస్తా కూచోమంటే నాకు చేత కాల్యా. సగం మందేస్తే సగమన్నా తగ్గుతాది గదా అనుకున్యా.”

డాక్టరుకు కోపం పోయింది. కోపం ఉన్నా బాగుండేది.

“తగ్గదు పెద్దమ్మా. మందు చాలకపోతే రోగం చావదు, ఆ మందుకే అలవాటు పడుతుంది. ఇక ఆ మాత్రలు పూర్తిగా వేసినా ఇద్దరికీ పనిచేయకపోవచ్చు.”

అంతే, నూరున్నీసా ఒంటి మీద నిప్పులు పోసినట్టయింది. “కూతురి మీద అంత ప్రేముంటే నీ ప్రాణం ఇయ్యాల్సింది! నా మొగుని ప్రాణం ఇయ్యడానికి నువ్వెవురు? మందొచ్చిందని చక్కెర పంచినా గదే తల్లీ ఊరందరికీ!”

పీరాంబీ డాక్టరు కాళ్ల దగ్గర కూలబడింది. “నాకు చదువు ల్యా సారూ. నువ్వు చదువుకున్యావు. ఇద్దర్లో ఎవురికి ఇయ్యకుండా ఉండాల్నో నువ్వే చెప్పు.”

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పరిశోధనలోంచి ఖలందర్ పేరు తీసేయక తప్పదనీ, వైద్యం మాత్రం ఆపననీ, వేరే మాత్రలూ సూదిమందూ ఏర్పాటు చేస్తాననీ చెప్పాడు. షాహీదాకు మంచం కోసం తనే అడుగుతానని మాటిచ్చి వెళ్లిపోయాడు.

ఆ పూట నూరున్నీసా వేరే పొయ్యి పెట్టింది. అత్త తాకిన నీళ్లు కూడా మొగుడికి తాగించనంది. పులివెందుల నుంచి తన నాయనను పిలిపించి, మొగుణ్ని తీసుకుని పుట్టింటికి పోతానని బట్టలు మూట కట్టింది. మూట ముడి వేస్తుండగా షాహీదా గోడ పట్టుకుని నడిచివచ్చింది.

“మా అమ్మను అనొద్దు వదినా. ఆ మాత్రలు అన్నవని నాకు తెలుసు.”

“ఏందీ?”

“నా పేరు మీద వచ్చినాయనే చెప్పింది అమ్మ. కానీ అన్న డబ్బాలోంచి తీసేది చూసినా. తెలిసే మింగినా.”

“తెలిసీ ఎట్ల మింగినావే పాపిష్టిదానా!”

“చావంటే బయమేసింది వదినా. నాకూ బతకాలని ఉండాది.”

నిండా ఇరవై ఏళ్లు లేని పిల్ల బతకాలనుకుంటే నూరున్నీసా ఏమని తిడుతుంది? ముడి సగంలో వదిలేసి, ఆ పిల్లను దగ్గరికి లాక్కుని ఏడ్చింది. షాహీదా ఒళ్లు కాలిపోతోంది, చేతికి ఎముకలే తగులుతున్నాయి. ఇంత చిక్కిపోయిందని ఒకే ఇంట్లో ఉండి కూడా తను చూడలేదు. మొగుడి దగ్గు తప్ప ఇంకొకరి దగ్గు ఆమె చెవికి ఎక్కనే లేదు.

డాక్టరు మాట నిలబెట్టుకున్నాడు. కబురు రాగానే నూరున్నీసాయే షాహీదాను ఆసుపత్రికి తీసుకుపోయింది. ఖలందర్ దగ్గర తల్లి ఉండాల్సి వచ్చింది; మాత్రలు మాత్రం తనే లెక్క చూసి వేసుకొమ్మని మొగుడికి చెప్పిపోయింది. మంచం దొరికింది గానీ, అప్పటికే ఆలస్యమైంది. రంజాన్ నెల రాకముందే వదిన ఒళ్లోనే షాహీదా కన్నుమూసింది.

శవాన్ని ఇంటిదాకా తెచ్చే దారి లేక ఆసుపత్రి ఊళ్లోనే ఖననం చేయించి, మూడోనాడు నూరున్నీసా ఇల్లు చేరింది. పీరాంబీ గడపలోనే కూర్చుని ఉంది.

“నన్ను తిట్టిందా నా బిడ్డ?” అని అడిగింది.

“లేదమ్మా.” అత్తను అమ్మా అని పిలవడం ఆమెకు అదే మొదలు. “అమ్మ నాకేం తక్కువ చేయల్యా, ఆ మాట ఆమెకు చెప్పు అనింది.”

పీరాంబీ గుండెలు బాదుకుంది. నూరున్నీసా ఆ రెండు చేతులూ పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. లోపల ఖలందర్ దగ్గాడు. కొత్త మందు పనిచేస్తుందో లేదో డాక్టరుకే ఇంకా తెలియదు.

“మందు యాళయింది. పోయి ఇయ్యిమ్మా” అంది పీరాంబీ. “నా చేతుల్ని ఇంక నేనే నమ్మను.”

నూరున్నీసా లేచి డబ్బా తెచ్చింది. ఆ పూటకు వేయాల్సిన మాత్రలన్నీ తీసి అత్త అరచేతిలో పోసింది.

“నువ్వే ఇయ్యి” అని, ఆ చేతిని కింద నుంచి పట్టుకుని లోపలికి నడిపించింది.