ఎర్రకల్వర్టు దగ్గర ఆపొద్దు

ఇనుప గనులుండే కిరండూల్ రోడ్డులో ఎర్రకల్వర్టు పేరెత్తితే లారీ డ్రైవర్లు మాట మార్చేస్తారు. వానాకాలంలో దాని కింద పారే నీళ్లు ఇనుపరాయి మన్ను కలిసి ఎర్రగా ఉంటాయి. ఆ రంగు చాలు... భయపడాలనుకున్న బుర్రకి ఇంకేం కావాలి?

పూర్వం అక్కడ ఒక దెయ్యం ఉండేదట. దానికి పేరుండేది, ఊరుండేది, చచ్చిన కారణం ఉండేది. దారిన పోయేవాళ్లు ఓ పచ్చి రెబ్బ తుంచి అక్కడ వేసి, "పోతున్నామమ్మా" అని చెప్పి పోయేవాళ్లు. అదీ ఊరుకునేది. గనులొచ్చాయి, కొండ తొలిచారు, రోడ్డేశారు. ఆ దెయ్యం ఏమైపోయిందో ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ఫోన్లలో కొత్త దెయ్యం దిగింది. దీనికి పేరూ లేదు, ఊరూ లేదు. ఇదే దెయ్యం పుణె రోడ్డు మీదా ఉందట, రాంచీ రోడ్డు మీదా ఉందట — చోటు పేరు మార్చి పంపుకోవడమే. చీకట్లో తెల్లచీర ఆడది చెయ్యెత్తుతుంది. నీ వాళ్ల మొహం పెట్టుకుంటుంది. నీ వాళ్ల గొంతుతో నిన్ను పేరెట్టి పిలుస్తుంది. బ్రేకు మీద కాలేశావా — అయిపోయావు. ఏం పెడితే శాంతిస్తుందో, ఏం చెబితే తప్పుకుంటుందో ఆ కథలో ఉండదు. తొక్కుకుంటూ పోవడమే. పోయి, పదిమందికి పంపడమే.

పోలమ్మకి ఆ కథ పంపింది సొంత అల్లుడే.

పోలమ్మ మొగుడు విజయనగరం వైపు నుంచి వచ్చి ఈ లైనులో రైలు పట్టాల మీద పని చేసి, ఇక్కడే పోయాడు. ఒక్కతే కూతురు, రత్నం. నెలలు నిండిన మనిషి. అల్లుడు జయరావు ఖనిజం లారీ తోలతాడు. ఆ సాయంత్రం అన్నం తింటూ కూడా అదే గోల.

"నవ్వకత్తా. నిజిం. మా డ్రైవర్లు సూసినారు."

"సూసినోడి పేరు సెప్పు బావూ."

"పేరంటే... అందరూ అంతన్నారు."

"ఆ అందరూ అన్నోడెవడో ఓపాలి మనింటికి తీసుకురా. టీ పోద్దాం."

రత్నం పొట్ట పట్టుకుని నవ్వింది. జయరావు మొహం ముడుచుకుని డ్యూటీకి పోయాడు.

అతను పోయిన కాసేపటికే నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందనీ, నొప్పులు రాగానే పెద్దాసుపత్రికి తెచ్చెయ్యాలనీ నర్సు ముందే చెప్పింది. పోలమ్మ పక్కింటి నందని లేపి, అతని ఆటోలో కూతుర్ని ఎక్కించింది.

సరిగ్గా ఎర్రకల్వర్టు మీద... ఆటో ఆగిపోయింది.

నంద దాన్ని లాగాడు, తన్నాడు, తిట్టాడు. ఫోను చూశాడు — సిగ్నల్ లేదు. కల్వర్టు వంక చూశాడు. "ఇంకో బండి తెస్తా, పిన్నీ" అన్నాడు. వెనక్కి తిరిగి చూడకుండా చీకట్లో కలిసిపోయాడు. మళ్లీ రాలేదు.

రత్నం ఆటోలో కూర్చోలేకపోయింది. దిగి, కల్వర్టు గోడకి వీపు ఆనించి గొంతుక్కూర్చుంది. పోలమ్మ రోడ్డు మీదకొచ్చింది. ఒంటి మీద ఉన్నది వెలిసిపోయిన లేతరంగు చీర. కూతురు మెలికలు తిరిగిపోతుంటే చీర మార్చుకునే జ్ఞానం ఏ తల్లికుంటుంది?

లారీ వచ్చింది. చెయ్యెత్తింది. అది హారన్ కొడుతూ... వేగం పెంచి పోయింది.

ఇంకోటి వచ్చింది. డ్రైవరు అద్దం పైకెత్తేశాడు.

మరొకటి. వాడు కళ్లు మూసుకుని దండం పెట్టాడు. స్టీరింగు వదిలేసి మరీ.

అప్పుడు తెలిసింది పోలమ్మకి, వాళ్లకి తనెలా కనబడుతోందో. ఏమని చెప్పాలి? మనిషినని ఎలా చూపించాలి? అరిస్తే దెయ్యం అరిచిందంటారు. ఏడిస్తే దెయ్యం ఏడ్చిందంటారు...

మలుపులో నీలం బల్బు కనపడింది. క్యాబిన్ నెత్తిన నీలం బల్బు. కిందటి దసరాకి రత్నమే కొనిచ్చింది.

"రత్నమే... మీ ఆయనొస్తన్నాడే," అంది పోలమ్మ.

రోడ్డు ఎత్తు కావడంతో లారీ నెమ్మదించింది. పోలమ్మ దాని పక్కన పరుగెత్తింది. "జయరావు బావూ... నానే... పోలమ్మని. రత్నానికి నొప్పులొచ్చినాయి బావూ..."

అతను చూశాడు. క్యాబిన్ వెలుతుర్లో అతని మొహం స్పష్టంగా కనపడింది — సాయంత్రం తను అన్నం పెట్టిన మొహం. పెదాలు ఏదో గొణుగుతున్నాయి. అత్తని గుర్తుపట్టాడు. గుర్తుపట్టాడు కాబట్టే... యాక్సిలరేటరు మీద కాలు నొక్కాడు.

గుంటలోని ఎర్రనీళ్లు పోలమ్మ మొహాన చిమ్మి, నీలం బల్బు మలుపు తిరిగిపోయింది.

"ఆపినాడా అమ్మా?" గోడ దగ్గర్నుంచి రత్నం.

"ఆయన కాదే. ఏరే లారీ."

రత్నం మూలుగు సన్నబడుతోంది. దానికంటే గట్టిగా అరిస్తేనే నయమనిపించింది పోలమ్మకి. చెయ్యెత్తే ఓపిక కూడా లేని వేళకి... ఓ చిన్న పికప్ బండి వచ్చింది. గుడ్డి లైట్లు. వెనక మూటలు.

"బాబూ..." అంది.

బండి దాటిపోయింది.

"బాబూ..."

ఆగలేదు. ఎర్రలైటు చిన్నదవుతోంది. ఇక ఎవర్ని పిలుస్తోందో తనకే తెలియకుండా, ఉన్న ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని మళ్లీ పిలిచింది.

"బాబూ..."

ఎర్రలైటు నిలబడింది. మెల్లగా... వెనక్కి వచ్చింది.

దిగినాయన ముసలివాడు. పేరు బిజ్జా. గొల్లపల్లి దిక్కు నుంచి సంతకి చింతపండు తెస్తున్నాడు. భయంతో బండి తలుపు వదలకుండా పట్టుకునే నిలబడ్డాడు.

"మనుషులేనా?" మెల్లగా అడిగాడు.

"మనుషులమే నాయినా."

"రెండు పిలుపులకు ఆగలే. తప్పనుకోకు తల్లీ. మా దిక్కు దెయ్యమైతే రెండుసార్లే పిలుస్తది. మూడోసారి పిలిచిందంటే మనిషే. పలకాలె." రత్నాన్ని చూశాడు. "ఏంది, గిట్లున్నదేంది బిడ్డ... పట్టు, పట్టు, ఎక్కియ్యి."

ఆయనా దెయ్యాన్ని నమ్మినవాడే, జయరావు కంటే ఎక్కువ నమ్మినవాడు. కానీ ఆయనకి ఆ భయం నేర్పినవాళ్లు, అవతల ఉన్నది మనిషైతే ఏం చెయ్యాలో కూడా నేర్పి పోయారు. ఫోన్లో కథ పంపినవాడికి అంత తీరికెక్కడిది?

చింతపండు మూటల మీద పడుకున్న రత్నం తల తల్లి ఒళ్లో ఉంది. దారిపొడుగునా పోలమ్మ ఆ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉంది.

ఆసుపత్రిలో తలుపు మూశారు. తెల్లారాక తెరిచారు.

"తల్లి బతికింది," అంది నర్సు హిందీలో. "కొంచెం ముందు తెచ్చుంటే..."

తువ్వాల్లో చుట్టిన మూట పోలమ్మ చేతుల్లో పెట్టింది. మగబిడ్డ. కళ్లు మూసుకునే ఉన్నాడు.

పోలమ్మ ఏడవలేదు. మూట పట్టుకుని మెట్లు దిగింది. గేటు బయట టీ బడ్డీ దగ్గర డ్రైవర్లు గుమిగూడి ఉన్నారు. మధ్యలో జయరావు. రాత్రి నుంచి జ్వరం, సూది వేయించుకోడానికొచ్చాడట. ఒకడు అతని మాటలు ఫోన్లో తీస్తున్నాడు.

"అచ్చం మా అత్త మొహమే... ఒకత్తి రోడ్డు మీద, ఇంకొకత్తి గోడకాడ కూకుంది. ఇద్దరు. నన్ను పేరెట్టి పిలిసింది. నానాపుతానా? బండి తొక్కీసినాను."

"గట్టోడివిరా," అన్నాడెవడో.

జయరావు తలెత్తాడు. చేతిలో గ్లాసు జారి పడింది. ఒక్కో అడుగూ వెనక్కి వేసి, బడ్డీ గోడకి తగిలి ఆగిపోయాడు. ఫోను పట్టుకున్నవాడు ఇంకా తీస్తూనే ఉన్నాడు.

పోలమ్మ దగ్గరకొచ్చింది. అల్లుడి చేతులు పట్టి చాపించి, మూట వాటిలో పెట్టింది.

"ఇద్దరం కాదు బావూ," అంది మెల్లగా. "ముగ్గురం."